అడవి నరకలేదు సరే, నీళ్ల లెక్క ఏది?

“మన పామాయిల్ కోసం ఎవరూ అడవి నరకలేదు.” ఏలూరు జిల్లాలో ఆయిల్‌పామ్ మీద సభ ఎక్కడ జరిగినా ముందు వినబడే మాట ఇదే. దాని వెనకే రెండో మాట వస్తుంది. సుమత్రాలో, బోర్నియోలో అడవులు కాల్చి తోటలు వేసినవాళ్లకు సుస్థిరత ధ్రువపత్రం దొరకడం కష్టం గానీ మనకేం, సంతకాలు పెట్టినంత సులువు. ఆ ముద్ర ఒక్కటి పడితే సబ్బుల కంపెనీలూ బిస్కెట్ల కంపెనీలూ మన నూనె వెతుక్కుంటూ వస్తాయి, రైతుకు నాలుగు డబ్బులు ఎక్కువ ముడతాయి, పర్యావరణమూ బాగుపడుతుంది. అధికారులు, కంపెనీల మనుషులు, చదువుకున్న రైతుబిడ్డలు ఈ విషయంలో ఒకే గొంతుతో మాట్లాడుతున్నారు. మొదటి మాట చాలావరకు నిజం. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకుని రెండో మాట చెల్లుబాటైపోతోంది. నా పేచీ దానితోనే.

ఈ ముద్రలు ఎవరి భయంలోంచి పుట్టాయో ముందు చూడాలి. పామాయిల్‌కు ప్రపంచంలో బాగా చెల్లే ధ్రువీకరణ ఆర్‌ఎస్‌పీవోది. 2004లో ఏర్పడిన సంస్థ. తోటల కంపెనీలు, నూనె వ్యాపారులు, సరుకు తయారీదారులు, బ్యాంకులు, పర్యావరణ సంఘాలు ఒకచోట కూర్చుని రాసుకున్న నియమావళి అది. అప్పట్లో యూరప్ కొనుగోలుదారుడి కళ్లముందున్నది తగలబడుతున్న అడవి, గూడు పోయిన ఒరాంగుటాన్. అందుకే 2005 నవంబరు తర్వాత ఆదిమ అడవిని కొట్టి వేసిన తోటకు ముద్ర లేదన్నారు. 2018లో ఆ షరతును ఇంకా బిగించారు. 2023లో యూరోపియన్ యూనియన్ చేసిన అడవుల చట్టమూ అదే అడుగుతుంది: 2020 డిసెంబరు 31 తర్వాత ఆ నేల మీద అడవి కొట్టారా లేదా? మన మెట్ట రైతు దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. అక్కడ అంతకుముందున్నది పొగాకు, మొక్కజొన్న, కొబ్బరి, జీడిమామిడి. అంతే, పరీక్ష అయిపోయింది. ఇంత తేలిగ్గా గట్టెక్కామంటే అది మన గొప్పతనం కాదు, ప్రశ్నపత్రం ఇంకో ఊరి కోసం రాసింది.

మన ఊరి ప్రశ్న నీళ్లు.

మలేసియాలో ఆయిల్‌పామ్ వాన మీద బతుకుతుంది. ఏడాది పొడుగునా తెరిపి లేకుండా రెండు వేల మిల్లీమీటర్లు దాటి పడుతుంది. ఏలూరు మెట్టలో పడేది సుమారు వెయ్యి మిల్లీమీటర్లు, అదీ ఎక్కువ భాగం జూన్‌కూ నవంబరుకూ మధ్యనే. మిగతా నెలలు చెట్టును బతికించేది బోరు. ఎకరానికి 57 చెట్లు పెడతారు. కాపుకొచ్చిన చెట్టుకు రోజుకు 150 నుంచి 200 లీటర్ల నీరు కావాలని, మండువేసవిలో ఇంకా ఎక్కువ పట్టవచ్చని శాస్త్రవేత్తలే చెబుతారు. 200 చొప్పున వేసుకోండి, ఎకరానికి రోజుకు 11,400 లీటర్లు. పదెకరాల తోటకు లక్షా పద్నాలుగు వేల లీటర్లు, ఒక్క రోజుకు. ఈ పంట మీద దేశం మొత్తానికీ పరిశోధన చేసే ఐసీఏఆర్ సంస్థ 1995 నుంచి మన పెదవేగిలోనే ఉంది కాబట్టి ఇది ఎవరికీ తెలియని రహస్యం కాదు. 2004 నుంచి సేద్యానికి కరెంటు ఉచితం. ఎంత తోడామన్న లెక్క రైతు ఖర్చుల పుస్తకంలోకి రాదు, కంపెనీ ఖర్చులోకి అసలే రాదు, సబ్బు ధరలోకి ఎలాగూ రాదు.

రైతును తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. కూలీలు దొరకని రోజుల్లో, కోతులూ పందులూ పెద్దగా పాడుచెయ్యని, ఏడాదంతా గెలలు దిగే తోటను అతను ఎంచుకున్నాడు. తెలివైన పనే. ఆ మాటకొస్తే అడవి లెక్కలోనూ అతను ముందుకే వచ్చాడు, వర్జీనియా పొగాకు బ్యారన్ల కింద ఏళ్ల తరబడి కాలిన కట్టెలు ఎక్కడివో మనకు తెలియనిది కాదు. అయితే ఒక పంట పొగాకు కన్నా మేలని చెప్పడం వేరు, అది సుస్థిరమైనదని ముద్ర కొట్టి ప్రపంచానికి అమ్మడం వేరు.

“ఆర్‌ఎస్‌పీవో నియమాల్లో నీళ్ల గురించి కూడా ఉందండీ” అంటారు తెలిసినవాళ్లు. ఉంది. ఉపరితల జలాలూ భూగర్భ జలాలూ నాణ్యతలో, పరిమాణంలో దెబ్బతినకుండా చూడాలని ఉంది. వాగుల గట్లు వదలాలని, మిల్లు నుంచి వచ్చే మురుగును శుద్ధి చేయాలని ఉంది. టన్ను గెలలకు మిల్లు ఎంత నీరు వాడిందో రాసి చూపాలని కూడా ఉంది. ఇక్కడ ఆగి చూడండి. కచ్చితంగా అంకె అడిగింది మిల్లు గేటు లోపలి నీటికి. గెల పండించిన బోరు నీటికి అలాంటి అంకె లేదు. ఎందుకంటే నియమావళి రాసినవాళ్ల ఊహలో తోటకు నీళ్లు పెట్టే బోరే లేదు, ఆకాశం ఉంది. పైగా ఆడిటర్ చూసేది ఒక మిల్లును, దానికి గెలలు తోలే తోటలను. ఏ తోటకు ఆ తోట సక్రమంగానే ఉండవచ్చు. అన్నీ కలిసి ఒక పరీవాహక ప్రాంతం కింది నీటిని ఏం చేస్తున్నాయన్నది ఆ తనిఖీ పరిధిలోకే రాదు.

మెట్టవాళ్ల నీళ్ల గొడవ మా మండవల్లికి ఎందుకని అడగవచ్చు. మా మండలంలో ఆయిల్‌పామ్ లేదు. మాది వరి, చేపల చెరువులు. కానీ చింతలపూడి వైపు నుంచి దిగే తమ్మిలేరు, నూజివీడు వైపు నుంచి వచ్చే రామిలేరు, ఇంకా బుడమేరు, గుండేరు, అన్నీ చివరికి కొల్లేరులోకే. కొల్లేరు నుంచి సముద్రానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. పైనుంచి మంచినీటి రాక తగ్గిందంటే వేసవిలో ఉప్పునీరు ఆ దారినే ఎగదన్నుకొస్తుంది. వానల్లో పెద ఎడ్లగాడి దగ్గర దారి మునిగి రాకపోకలు ఆగిపోయే పెనుమాకలంక, నందిగామలంక వైపు జనానికి నీటి బాధ రెండు రకాలుగానూ తెలుసు, మీదపడ్డప్పుడూ, లేనప్పుడూ. మెట్టలో భూమి కింద నుంచి తోడేదానికీ పల్లంలో కొల్లేటికి చేరేదానికీ ఉన్న సంబంధాన్ని ఏ ముద్రా లెక్కలోకి తీసుకోదు. సబ్బు కొనేవాడికి ఒరాంగుటాన్ బొమ్మ తెలుసు. కొల్లేటి గూడకొంగ తెలియదు.

అసలు ముద్రల మీద ఇంత నమ్మకం పెట్టుకునేవాళ్లు ఒక్కసారి కొల్లేటినే చూడాలి. దానికి ఉన్నన్ని ముద్రలు ఏ సబ్బుకూ లేవు. 1999లో ఐదో కాంటూరు (ఎత్తు గీత) దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం. 2002లో రామ్‌సర్ చిత్తడినేల, అంటే అంతర్జాతీయ గుర్తింపు. ఆ రెండు గుర్తింపులూ ఉండగానే గట్లు లేచాయి, చెరువులు పెరిగాయి. 2006లో చెరువులు తెగ్గొట్టించింది రామ్‌సర్ పత్రం కాదు, సుప్రీంకోర్టు దాకా పోయిన వ్యాజ్యం, దాని వెనక వచ్చిన జేసీబీలు. రెండేళ్లకే, 2008లో, అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానం చేసింది. తెగిన గట్లు చాలాచోట్ల మళ్లీ లేచాయి. ఆ కూల్చివేతలో న్యాయం అంతా ఒకవైపే ఉందనీ చెప్పను. 1970లలో జలగం వెంగళరావు ప్రభుత్వమే సహకార సంఘాలు పెట్టించి లంక గ్రామాల పేదలకు చేపల చెరువులిచ్చింది. ఆ చెరువులు పోగొట్టుకున్న వడ్డి కులస్థుల కడుపుకోత ఇప్పటికీ తీరలేదు. ఏ హక్కు ఎవరిది, ఏ నీరు ఎవరిది అన్న తగాదా చట్టసభలో, కోర్టులో, పంచాయతీలో తేలాల్సిందే. అలాంటి తగాదా ఉన్నచోట ముద్ర చేసే పని ఒక్కటే, తగాదా లేదన్న భ్రమ కల్పించడం.

ఇక జీవాధారిత సరుకు అన్న పేరు. పెట్రోలు నుంచి కాకుండా చెట్టు నుంచో పంట నుంచో వచ్చిందైతే చాలు, అది మంచిదేనన్న నమ్మకం ఒకటి బాగా పాకింది. అమెరికా వ్యవసాయ శాఖ 2011 నుంచి ఇలాంటి సరుకుల మీద ఒక గుర్తు ఇస్తోంది, అందులో ఎంత శాతం జీవాధారితమో వేస్తారు. ఆ శాతం తేల్చే పద్ధతి అందమైనది, ఒప్పుకోవాలి. గాలిలోంచి ఈమధ్యే పీల్చుకున్న కర్బనంలో కార్బన్-14 ఉంటుంది. కోట్ల ఏళ్లు భూమిలో మగ్గిన పెట్రోలులో అది పూర్తిగా హరించిపోయి ఉంటుంది. కొలిచి చూస్తే ఏది చెట్టుదో ఏది బావిదో చెప్పేయవచ్చు. ఆ పరీక్షకు కామవరపుకోట పామాయిలూ, అడవి కాల్చి వేసిన తోట పామాయిలూ ఒక్కటే. రెండిటికీ నూటికి నూరు మార్కులు. కర్బనం వయసు అది చెబుతుంది, అంతకు మించి ఒక్క ముక్క చెప్పదు. సబ్బు మీద ఆ శాతం చదివినవాడు మాత్రం తాను భూమికి ఏదో మేలు చేశానని తృప్తిగా స్నానం చేస్తాడు.

కైకలూరులోనో ఏలూరులోనో దుకాణంలో ‘నేను ప్లాస్టిక్ కాదు’ అని ఇంగ్లిషులో రాసి ఉన్న పల్చటి సంచి ఇస్తారు చూడండి, అది ఇంకో కథ. కంపోస్టయ్యే సంచులకు మందం షరతు లేదు, ఐఎస్ 17088 ప్రమాణం ప్రకారం కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం ఉంటే చాలు. ప్రమాణం దొంగది కాదు. 58 డిగ్రీల వేడిలో, సరైన తేమతో, పెద్ద కంపోస్టు కుప్పలో పెడితే ఆరు నెలల్లో నూటికి తొంభై వంతులు కుళ్లాలని అది అడుగుతుంది. ఆ వేడి కొల్లేటి నీళ్లలో ఉండదు, పంటకాలువలో ఉండదు, ఊరి చివర చెత్తదిబ్బ మీద కూడా ఉండదు. ప్రయోగశాలలో నిజమైంది పోలరాజ్ డ్రెయిన్లో నిజం కాకుండా పోతుంది. ఆ తేడా చెప్పడానికి సంచి మీద చోటు లేదట.

ఇప్పుడు డబ్బు సంగతి, ఎందుకంటే రైతును ఈ వాదంలోకి లాగింది అదే. ముద్ర పడ్డ నూనెకు ఎక్కువ ధర వస్తుందనుకుందాం. ఆ ఎక్కువ ఎవరికి? 1993 నాటి ఆంధ్రప్రదేశ్ ఆయిల్‌పామ్ చట్టం ప్రకారం మండలాలను ఫ్యాక్టరీలకు పంచారు. మీ తోట ఏ ఫ్యాక్టరీ జోన్లో ఉంటే గెలలు అక్కడికే తోలాలి, వాళ్లూ కాదనకుండా కొనాలి. ధర బేరం మీద తేలదు, సూత్రం మీద తేలుతుంది: ముడి పామాయిల్ మార్కెట్ ధర, గెల నుంచి ఎంత శాతం నూనె దిగిందన్న లెక్క, అంటే ఓఈఆర్. నెలనెలా ప్రకటిస్తారు. ఆ సూత్రంలో ముద్రకు గడి లేదు. ఓఈఆర్ విషయంలోనే మన రైతులు ఏళ్లపాటు కొట్లాడాల్సి వచ్చింది, సరిహద్దు దాటితే అశ్వారావుపేటలో ఎక్కువ కడుతున్నారు, మాకెందుకు తక్కువని. గెలలో నూనె ఎంతో తేల్చే దగ్గరే నమ్మకం కుదరనిచోట, లండన్ సూపర్ మార్కెట్లో వచ్చిన అదనపు పైసల్లో వాటా వస్తుందంటే నమ్మమంటారా?

చిన్న రైతుల కోసం ఆర్‌ఎస్‌పీవో 2019లో వేరే నియమావళి తెచ్చిన మాట వాస్తవం. గుంపుగా చేరితే క్రెడిట్లు నేరుగా అమ్ముకోవచ్చు. కానీ గుంపును నడిపే మేనేజరు, రికార్డులు, లోపలి తనిఖీ, పైనుంచి వచ్చే ఆడిటరు ఫీజు, ఇవన్నీ భరించేదెవరు? జోన్ విధానంలో ఆ గుంపును కట్టేది ఫ్యాక్టరీయే. క్రెడిట్ అన్నది కూడా అర్థం చేసుకోవాల్సిన వస్తువు. కంపెనీ మన క్రెడిట్ కొంటుంది, నూనె ఇంకెక్కడో కొంటుంది, సరుకు మీద మాత్రం సుస్థిర పామాయిల్‌కు మద్దతిస్తున్నామని రాసుకుంటుంది. ఇంకో పద్ధతిలో ముద్ర ఉన్న నూనె, లేని నూనె ఒకే ట్యాంకులో కలుపుతారు, లెక్క పుస్తకంలో మాత్రం విడివిడిగా ఉంటాయి. పాలకేంద్రం క్యానులో పోశాక ఏ గేదె పాలు ఏవో తేల్చమన్నట్టే. మోసం అనను, నియమం ప్రకారమే జరుగుతుంది. అయితే అట్ట మీద ఆకుపచ్చ గుర్తు చూసి కొనే మనిషికి ఇది ఎవరూ విడమర్చి చెప్పరు.

ముద్రలన్నీ బూటకమని కొట్టిపారేసేవాళ్లతోనూ నాకు పొత్తు కుదరదు. 2016లో మలేసియా దిగ్గజం ఐఓఐ గ్రూపు ధ్రువీకరణను ఆర్‌ఎస్‌పీవో కొన్ని నెలలు నిలిపివేసింది. యూనిలీవర్ లాంటి పెద్ద కొనుగోలుదారులు తప్పుకున్నారు. అది కాటు వేసిన సందర్భమే. అయితే కాటు వేసేలా చేసింది ఆడిటర్ కాదు. బయటి సంస్థ ఒకటి పటాలు, ఆధారాలు పట్టుకుని బహిరంగంగా ఫిర్యాదు చేసింది. ఆడిటర్ల మాటకొస్తే, తనిఖీకి డబ్బిచ్చేది తనిఖీ అయ్యే కంపెనీయే. 2015లో ఎన్విరాన్‌మెంటల్ ఇన్వెస్టిగేషన్ ఏజెన్సీ అన్న సంస్థ ఆర్‌ఎస్‌పీవో ఆడిటర్ల మీద ఒక నివేదికే రాసింది, కాపలావాళ్లకు కాపలా ఎవరని అడుగుతూ. మన రాష్ట్రం రొయ్య సంగతి ఇంకా దగ్గరది. హేచరీ, మేత, చెరువు, ప్లాంటు, ఒక్కోదానికి ఒక్కో నక్షత్రం చొప్పున నాలుగు నక్షత్రాలిచ్చే బీఏపీ లాంటి ముద్రలతో అమెరికా పోతుంది మన రొయ్య. 2024 మార్చిలో కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ అన్న అమెరికా సంస్థ ఆంధ్ర రొయ్యల పరిశ్రమ మీద నివేదిక ఇచ్చింది. తక్కువ కూలి, అప్పుల్లో కట్టుబడ్డ పని, చెడిన నీళ్లు, చవుడెక్కిన పొలాలు తాము చూశామని, ముద్రలు వీటిని పట్టుకోలేకపోయాయని అందులో రాశారు. వచ్చేముందు కబురు చేసి వచ్చే తనిఖీలో ఏం కనబడుతుందో రొయ్యల షెడ్డులో పనిచేసే ఏ ఆడమనిషిని అడిగినా చెబుతుంది.

ముద్ర లేకపోతే జీవాధారిత సరుకుకు మార్కెట్టే ఉండదని కొందరి వాదం. ఏటా ధాన్యం కొనుగోళ్ల వేళ గోనెసంచుల కోసం తిరిగే రైతును అడగండి. జనపనార సంచి కన్నా జీవాధారితమైనది ఏముంది? దాని మీద ఏ ఆకు గుర్తూ లేదు. దాన్ని బతికించింది 1987లో పార్లమెంటు చేసిన చట్టం, ఆహారధాన్యాలను జనపనార సంచుల్లోనే నింపాలని. ఆ చట్టంలో లోపాలు లేవని కాదు, సంచుల కొరతతో రైతు పడే పాట్లు మనం చూస్తున్నవే. కానీ అది ఎవరి కోసం, ఎంత శాతం, ఎవరు బాధ్యులు అన్నది రాసిపెట్టి ఉంది, శాసనసభ్యుణ్ణో పార్లమెంటు సభ్యుణ్ణో నిలదీయడానికి వీలుంది. అదే 1991లో మన ప్రభుత్వమే తెచ్చిన ఎకోమార్క్, మట్టికుండ గుర్తు, ఎవరైనా ఏ సరుకు మీదైనా చూశారా? స్వచ్ఛందం అన్నారు, అంతే, ఎవరూ ముందుకు రాలేదు. 2024లో కొత్త నియమాలతో దాన్ని మళ్లీ లేపారు. ఇదీ స్వచ్ఛందమే.

చివరగా ఒక బెదిరింపు వినబడుతుంటుంది. నీళ్ల లెక్కలు అడిగితే, షరతులు ఎక్కువ పెడితే కంపెనీలు పోతాయి, 2021లో కేంద్రం 11,040 కోట్లతో మొదలుపెట్టిన ఆయిల్‌పామ్ మిషన్ నీరుగారిపోతుంది అని. పోవు. మండలాలకు మండలాల గెలలు పోటీ లేకుండా చేతికొచ్చే జోన్ హక్కు ప్రభుత్వం ఇచ్చిందే. అంత హక్కు ఇచ్చినవాళ్లు దానికి షరతు పెట్టగలరు. జోన్లో ఎన్ని ఎకరాల తోట ఉంది, ఎన్ని బోర్లు ఆ తోటలకు నడుస్తున్నాయి, డ్రిప్ ఎంతమందికి ఉంది అన్నది ఫ్యాక్టరీయే గ్రామసభలో తెలుగులో చదివి వినిపించాలి. ముద్ర కోసం వచ్చే ఆడిటర్ ఆ సభ తీర్మానం చూడందే సంతకం పెట్టకూడదు. ముద్ర వల్ల వచ్చిన అదనపు ధర ధరల సూత్రంలో ఒక అంకెగా కనబడాలి. భూగర్భజల శాఖ పీజోమీటర్లు నీటిమట్టాన్ని ఇప్పటికే కొలుస్తున్నాయి. గెల ధర, ఓఈఆర్ ప్రకటించే కాగితం ఎలాగూ నెలనెలా వస్తోంది. దాని కిందే మండలాలవారీ నీటిమట్టం ఇంకో వరుసగా అచ్చు వేయడానికి కౌలాలంపూర్‌లోని ఆర్‌ఎస్‌పీవో ఆఫీసు నుంచి ఎవరూ వచ్చి అనుమతి ఇవ్వనక్కర్లేదు.